సోండ్రె నోర్హైమ్

సోండ్రె నోర్హైమ్ (జూన్ 10, 1825 - మార్చి 9, 1897) నార్వే దేశానికి చెందిన సుప్రసిద్ధ స్కీయింగ్ క్రీడాకారుడు మరియు స్కీల రూపకర్త. ఆధునిక స్కీయింగ్ పితామహునిగా ఇతడు ప్రసిద్ధి చెందాడు. నార్వే దక్షిణ భాగంలోని టెలిమార్క్ ప్రాంతంలో, మోర్గెడాల్ అనే చిన్న లోయలో ఒక నిరుపేద కుటుంబంలో జన్మించాడు. అంతవరకు ప్రధానంగా మంచుపై ప్రయాణ సాధనంగా ఉన్న స్కీయింగ్ ఒక క్రీడగా రూపొందడంలో ముఖ్యపాత్ర వహించాడు. మడమ చుట్టూ బిగించే కట్టు, నడుము భాగం సన్నగా ఉండే పొట్టి స్కీలు, టెలిమార్క్ మలుపు ఇతని పేరుతో ముడిపడి ఉన్నాయి. 1868లో రాజధాని క్రిస్టియానియా (నేటి ఓస్లో) నగరంలో జరిగిన పోటీలో తన 42వ ఏట విజయం సాధించి దేశమంతటా పేరు పొందాడు. 1884లో అమెరికాకు వలస వెళ్ళి, ఉత్తర డకోటా మైదానాలలో సామాన్య రైతుగా మరణించాడు. తాను మార్చిన క్రీడ వలన ఇతనికి సంపద గానీ, హోదా గానీ లభించలేదు.

స్కీయింగ్ - పూర్వ చరిత్ర

స్కీలు అనగా పాదాలకు కట్టుకొని మంచుపై జారుతూ వెళ్ళడానికి ఉపయోగించే పొడవైన, పలుచని పలకలు. వీటి ముందు కొనలు పైకి వంగి ఉంటాయి. తెలుగులో మంచు అనే మాటను పొగమంచుకు, రాత్రివేళ కురిసే తుషారానికి, ఆకాశం నుండి కురిసే హిమానికి కూడా వాడుతారు. స్కీయింగ్‌కు కావలసినది ఈ మూడవది. ఆదిలాబాదు ప్రాంతంలో కొన్ని శీతాకాలాలలో ఉష్ణోగ్రత 5 డిగ్రీల కంటే దిగువకు పడిపోయినా అక్కడ హిమపాతం ఉండదు. నార్వేలోని ఎత్తైన లోయలలో మాత్రం సంవత్సరంలో నాలుగైదు నెలలు నేల దట్టమైన హిమంతో కప్పబడి ఉంటుంది. అటువంటి చోట మామూలుగా నడిస్తే కాళ్ళు మోకాళ్ళ లోతున కూరుకొనిపోతాయి. స్కీలు మనిషి బరువును ఎక్కువ వైశాల్యం మీద పంచుతాయి కనుక కాళ్ళు దిగబడవు.

స్కీల చరిత్ర చాలా పురాతనమైనది. నార్వే ఉత్తర తీరంలోని రోడోయ్ ద్వీపంలో స్కీలు ధరించిన మనిషి శిలాచిత్రం ఒకటి ఉన్నది. ఇది 4,000 సంవత్సరాలకు పైబడినదని అంచనా. స్వీడన్‌లోని కాల్వ్‌ట్రాస్క్ వద్ద దొరికిన స్కీలు సుమారు 5,200 సంవత్సరాల నాటివి. స్కీ అనే పదం చీల్చిన కర్రముక్క అనే అర్థంగల ప్రాచీన నార్స్ భాషాపదం నుండి వచ్చింది. స్కాండినేవియా పురాణాలలో ఉల్ల్ అనే దేవునికి, స్కాడి అనే దేవతకు స్కీలతో సంబంధం కల్పించబడింది. ఉత్తరాన నివసించే సామీ జాతి ప్రజలు వేటకు, జింకల మందలను కాయడానికి స్కీలను వాడేవారు. 18వ శతాబ్దంలో నార్వే సైన్యంలో స్కీ దళాలు ఉండేవి. 1767లో ఆ సైనికుల కోసం బహుమతులతో కూడిన పోటీలు కూడా ఏర్పాటు చేయబడ్డాయి.

అయితే ఇవన్నీ ప్రధానంగా అవసరానికి సంబంధించినవి. వేటగాడు అడవికి, రైతు కట్టెలకు, సైనికుడు సరిహద్దుకు వెళ్ళడానికి స్కీలు ఉపయోగపడేవి. అప్పటి స్కీలను చాలావరకు బొటనవేళ్ళ వద్ద ఒక తోలుపట్టీతో మాత్రమే పాదానికి తగిలించేవారు. మడమకు ఏ ఆధారమూ ఉండేది కాదు. ఏటవాలు నుండి దిగేటప్పుడు స్కీని మలపడం, గాలిలోకి ఎగిరి దిగడం కష్టం. అందువలన దిగేవారు ఒక పొడవైన కర్రను వెనుకకు ఆనించి, దానిపై బరువు మోపి, వేగాన్ని అదుపు చేసుకొనేవారు.

జననం, బాల్యం

సోండ్రె 1825 జూన్ 10న మోర్గెడాల్ లోయలోని ఓవర్‌బో అనే కొండవాలు కమతంలో జన్మించాడు. ఈ లోయ టెలిమార్క్‌లోని క్వితెసెయిద్ పరిధిలో ఉన్నది. ఇతని తండ్రి పేరు ఔవెర్. ఆనాటి నార్వే పల్లెలలో స్థిరమైన ఇంటిపేర్లు ఉండేవి కావు. బిడ్డ పేరు తరువాత తండ్రిపేరు, దాని తరువాత నివసించే కమతం పేరు చేర్చేవారు. మరొక కమతానికి మారితే ఆ చివరి పేరు కూడా మారిపోయేది. సోండ్రె తరువాతి కాలంలో నివసించిన నోర్హైమ్ అనే చిన్న కమతం పేరే ఇతనికి శాశ్వతంగా నిలిచిపోయింది. ఊరిపేర్లే ఇంటిపేర్లుగా మారిన తెలుగు కుటుంబాల సంప్రదాయంతో దీనిని పోల్చవచ్చు.

ఇతని కుటుంబం నార్వేలో హుస్‌మన్ అని పిలువబడే వర్గానికి చెందినది. ఈ వర్గం వారికి సొంతభూమి ఉండదు. పెద్దరైతు ఇచ్చిన చిన్న చెక్కలో గుడిసె వేసుకొని, కొద్దిపాటి పంట పండించుకొంటూ, దానికి బదులుగా ఆ రైతు పొలంలో నిర్ణీత రోజులు పనిచేయాలి. తెలంగాణ పల్లెలలోని కౌలుదారునికి, పాలేరుకు మధ్యస్థమైన స్థితిగా దీనిని చెప్పవచ్చు. 19వ శతాబ్ది మధ్యకాలంలో నార్వే గ్రామాలలో ఈ వర్గం సంఖ్య ఎక్కువగా ఉండేది. వారి బిడ్డలకు సాధారణంగా అదే జీవితం ప్రాప్తించేది.

ఓవర్‌బో ఇల్లు నిటారైన కొండవాలు మీద ఉన్నది. అక్కడి పిల్లలకు స్కీలే ఆటవస్తువులు. తండ్రి ఇతనికి స్కీయింగ్ నేర్పాడని, పిల్లవానిగా ఉన్నప్పుడే ఇంటి కప్పుల మీది నుండి, బండల మీది నుండి స్కీలపై దూకేవాడని స్థానికులు చెప్పుకొంటారు. ఇతని బాల్యం గురించి తెలిసినవి చాలావరకు తరువాతి తరాలవారు నమోదు చేసిన జ్ఞాపకాలే.

వివాహం, జీవనోపాధి

సోండ్రె 1854లో రాన్నేయ్ ఓముండ్స్‌దొత్తెర్ అనే యువతిని వివాహం చేసుకొన్నాడు. వీరికి అనేకమంది పిల్లలు కలిగారు. పెళ్ళి తరువాత కూడా సోండ్రె హుస్‌మన్‌గానే జీవించాడు. ఒక కమతం నుండి మరొక కమతానికి మారుతూ, ఇతరుల పొలాలలో పనిచేస్తూ, వడ్రంగం వంటి చేతిపనులతో కుటుంబాన్ని పోషించాడు.

ఇతడు హాస్యప్రియుడని, ఎవరితోనైనా కలసిపోయే స్వభావం కలవాడని ప్రతీతి. పొలం పనికన్నా కొండవాలు మీద స్కీలతో గడపడానికే ఎక్కువ ఇష్టపడేవాడని కూడా చెబుతారు. చలికాలంలో లోయలోని పిల్లలను, యువకులను వెంట బెట్టుకొని వారికి దూకడం, మలుపు తిరగడం నేర్పేవాడు. వారి స్కీలను కూడా బాగుచేసి ఇచ్చేవాడు. తరువాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధి చెందిన మోర్గెడాల్ క్రీడాకారుల తరం ఈ విధంగా తయారయింది.

స్కీల రూపకల్పనలో మార్పులు

నోర్హైమ్ పేరు చరిత్రలో నిలవడానికి ముఖ్యకారణం స్కీలలో ఇతడు ప్రచారంలోనికి తెచ్చిన మార్పులు. ఇవి ప్రధానంగా రెండు.

మొదటిది మడమ కట్టు. ఇతడు విల్లో చెట్టు లేత కొమ్మలను మెలిపెట్టి, తాడువలె పేని, వేళ్ళ వద్దనున్న పట్టీ నుండి మడమ వెనుకగా చుట్టి బిగించాడు. ఎండిన తరువాత కూడా ఈ కొమ్మలు కొంత సాగుతూ, మరల యథాస్థితికి వస్తూ ఉంటాయి. దీని వలన మడమ పైకి లేవగలదు, కానీ పాదం స్కీ నుండి జారిపోదు. నడవడానికి కావలసిన స్వేచ్ఛ, దూకడానికి కావలసిన పట్టు రెండూ ఒకే కట్టులో లభించాయి. స్కీ కాలి వెంట తిరగడం ప్రారంభించింది. చేతికర్రపై ఆధారపడవలసిన అవసరం తగ్గింది.

రెండవది స్కీ ఆకారం. పాత స్కీలు పొడవుగా, రెండు అంచులూ దాదాపు సమాంతరంగా ఉండేవి. నోర్హైమ్ తయారుచేసిన స్కీలు వాటికంటే పొట్టివి. ముందు, వెనుక భాగాలు వెడల్పుగా, మధ్యలో పాదం ఉండేచోట సన్నగా ఉండేవి. ఇటువంటి స్కీని ఒక అంచు మీదికి ఒరగిస్తే, రెండు కొనలూ మంచును పట్టుకొంటాయి. మధ్యభాగం బరువుకు కిందికి వంగుతుంది. అప్పుడు అంచు ఒక విల్లు ఆకారాన్ని పొంది, స్కీ ఆ వంపు వెంట దానంతట అదే మలుపు తిరుగుతుంది. నేడు ప్రపంచమంతటా కర్మాగారాలలో తయారయ్యే వాలు స్కీలు ఇదే సూత్రంపై పనిచేస్తాయి.

ఈ పనికి కర్రను ఎంచుకోవడం ముఖ్యం. నిర్మల్ బొమ్మల కళాకారులు చెక్కడానికి అనువైన తేలికపాటి పొనికి కర్రను ఎంచుకొన్నట్లే, నార్వే పల్లెల వడ్రంగులు స్కీల కొరకు పైన్, బర్చ్, యాష్ వంటి చెట్ల నుండి తిన్నని చార కలిగిన కర్రను వెదకి తెచ్చేవారు. చార వంకరగా ఉంటే దూకినప్పుడు స్కీ విరిగిపోతుంది. నోర్హైమ్ స్వయంగా పనివాడు కావడం వలన, ఒకరోజు కొండవాలు మీద ఎదురైన ఇబ్బందిని మరునాడు ఉలితో సరిచేసే అవకాశం ఇతనికి ఉండేది.

టెలిమార్క్ మలుపు

ఈ కట్టు, ఈ ఆకారం వలన సాధ్యమైనదే టెలిమార్క్ మలుపు. ఇందులో ఒక స్కీని ముందుకు జరిపి, వెనుక కాలి మోకాలిని బాగా వంచి, ఆ మడమను పైకెత్తి మలుపు తిరుగుతారు. రెండు స్కీలూ కలసి ఒకే పొడవైన వంపువలె పనిచేస్తాయి. దూకిన తరువాత నేలపై దిగేటప్పుడు కూడా ఇదే భంగిమ ఉపయోగపడుతుంది. ఒక కాలు ముందు, ఒక కాలు వెనుక ఉండడం వలన శరీరం ముందుకు గానీ వెనుకకు గానీ తూలకుండా నిలబడగలదు.

రెండు స్కీలనూ దాదాపు సమాంతరంగా ఉంచి తిరిగే మరొక మలుపుకు క్రిస్టియానియా మలుపు అని పేరు వచ్చింది. స్లాలం అనే మాట కూడా టెలిమార్క్ ప్రాంతపు మాండలికం నుండి పుట్టినదే. అందులో మొదటి భాగానికి వాలు అని, రెండవ భాగానికి స్కీ జాడ అని అర్థం.

స్కీ జంపింగ్ తొలి దశ

స్కీలపై దూకడం నోర్హైమ్‌తో ప్రారంభం కాలేదు. 1808లో ఓలాఫ్ రై అనే సైనికాధికారి ఎయిద్స్‌బర్గ్ వద్ద 9.5 మీటర్ల దూరం దూకినట్లు నమోదైనది. ఇదే మొట్టమొదటి స్కీ జంపింగ్ రికార్డుగా పరిగణించబడుతున్నది. 1843లో ఉత్తర నార్వేలోని ట్రోమ్సోలో స్కీ పరుగుపందెం జరిగింది. 1862లో తూర్పు నార్వేలోని ట్రిసిల్‌లో జంపింగ్‌తో కూడిన బహిరంగ పోటీ జరిగింది.

1866లో మోర్గెడాల్‌కు సమీపంలోని హొయ్‌డాల్స్‌మోలో పోటీలు జరిగాయి. వీటిలో నోర్హైమ్ తన నైపుణ్యాన్ని ప్రదర్శించాడు. 1860లలో ఇతడు 19.5 మీటర్ల దూరం దూకినట్లు రికార్డులు పేర్కొంటున్నాయి. దీని సంవత్సరం విషయంలో 1866 అని, 1868 అని రెండు అభిప్రాయాలున్నాయి. ఓలాఫ్ రై దూకిన దూరానికి ఇది రెండు రెట్లకు పైగా ఎక్కువ. ప్రత్యేకంగా నిర్మించిన వేదికలు లేని ఆ రోజులలో, కొండవాలు మీద హిమాన్ని దిమ్మెగా పేర్చి, దాని అంచు నుండి దూకేవారు. దిగే చోటు చాలినంత ఏటవాలుగా లేకపోతే మోకాళ్ళు దెబ్బతినే ప్రమాదం ఉండేది.

1868 క్రిస్టియానియా పోటీ

1868లో రాజధాని క్రిస్టియానియాలోని ఈవర్స్‌లోక్కెన్ వాలు మీద స్కీ పోటీ ఏర్పాటు చేయబడింది. దీనిలో పాల్గొనడానికి నోర్హైమ్ తన సహచరులతో కలసి మోర్గెడాల్ నుండి బయలుదేరాడు. కొండలు, అడవుల మీదుగా సుమారు 200 కిలోమీటర్ల దూరాన్ని స్కీల మీదనే మూడు రోజులలో దాటినట్లు చెబుతారు. ఇది దాదాపు హైదరాబాదు నుండి నిర్మల్ వరకు ఉన్నంత దూరం.

ఈ పోటీలో నోర్హైమ్ ప్రథమస్థానం పొందాడు. అప్పటికి ఇతని వయస్సు 42 సంవత్సరాలు. పోటీదారులలో చాలామంది ఇతనికంటే బాగా చిన్నవారు. చేతికర్రపై ఆధారపడకుండా, నిలకడగా గాలిలోకి ఎగిరి, దిగిన వెంటనే వంపు తిరిగి ఆగిపోవడం నగర ప్రేక్షకులకు కొత్తగా తోచింది. రాజధాని పత్రికలు టెలిమార్క్ వారిని ప్రశంసించాయి. మారుమూల లోయలోని పేదరైతుల ఆట నగరంలోని విద్యావంతులు నేర్చుకోదగిన విద్యగా మారడానికి ఈ పోటీ ఒక మలుపు.

దీని తరువాత స్కీ పోటీలు వేగంగా విస్తరించాయి. 1879లో క్రిస్టియానియా సమీపంలోని హుసెబీ కొండమీద పెద్దయెత్తున పోటీలు ప్రారంభమయ్యాయి. 1881లో మోర్గెడాల్‌కు చెందిన టోర్యుస్, మిక్కెల్ హెమ్మెస్ట్‌వెయిత్ సోదరులు రాజధానిలో స్కీయింగ్ పాఠశాలను నడిపారు. నోర్హైమ్‌ను చూసి నేర్చుకొన్న తరానికి చెందిన ఈ సోదరులు ఆ విద్యను నగరవాసులకు బోధించారు. 1892లో హోల్మెన్‌కోలెన్ కొండపై పోటీలు ఆరంభమయ్యాయి. ఇవి నేటికీ జరుగుతున్నాయి.

అమెరికా వలస

నోర్హైమ్ జన్మించిన సంవత్సరమే, 1825 జూలై 4న, స్టావంగర్ రేవు నుండి అమెరికాకు వలసవెళ్ళే నార్వే వారి తొలి నౌక బయలుదేరింది. తరువాతి వంద సంవత్సరాలలో సుమారు 8 లక్షల మంది నార్వేను విడిచి వెళ్ళారు. 1880లలో ఈ వలస అత్యంత ఉధృతంగా ఉండేది. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అనే మూడు మాటలలో ఉత్తర తెలంగాణ పల్లెల వలసచరిత్రను చెప్పుకొన్నట్లే, ఆనాటి నార్వే పల్లెల చరిత్రను అమెరికా అనే ఒక్క మాటలో చెప్పవచ్చు. భూమిలేని హుస్‌మన్ కుటుంబాలకు అక్కడ సొంతభూమి దొరుకుతుందనే ఆశ ఉండేది.

1884లో, దాదాపు 59 ఏళ్ళ వయస్సులో, సోండ్రె కుటుంబంతో సహా అమెరికాకు వెళ్ళాడు. దేశమంతటా పేరు పొందిన క్రీడాకారుడైనప్పటికీ అప్పటికి ఇతనికి స్వదేశంలో చెప్పుకోదగిన ఆస్తి లేదు. మొదట మిన్నెసోటాలో నివసించి, తరువాత డకోటా ప్రాంతానికి తరలివెళ్ళాడు. ఈ ప్రాంతం 1889లో ఉత్తర డకోటా, దక్షిణ డకోటా అనే రెండు రాష్ట్రాలుగా ఏర్పడింది. నోర్హైమ్ కుటుంబం ఉత్తర డకోటాలోని మెక్‌హెన్రీ కౌంటీలో, విలార్డ్ సమీపంలో స్థిరపడింది.

అక్కడ చలికాలంలో హిమం పుష్కలంగా కురుస్తుంది కానీ కొండలు లేవు. కనుచూపు మేర చదునైన గడ్డిమైదానాలే. మోర్గెడాల్ వంటి ఏటవాలులు లేనిచోట దూకడానికి అవకాశం తక్కువ. అయినా ఇతడు తన ఇంటి గుమ్మం వద్ద స్కీలను సిద్ధంగా ఉంచుకొనేవాడని ఆ ప్రాంతంలో చెప్పుకొంటారు. వృద్ధాప్యంలో దైవభక్తి పెరిగి, నార్వే వలసదారులు నిర్మించుకొన్న లూథరన్ చర్చి పనులలో పాలుపంచుకొన్నాడు.

ఇదే కాలంలో హెమ్మెస్ట్‌వెయిత్ సోదరులు కూడా అమెరికా చేరారు. 1887లో మిన్నెసోటాలోని రెడ్ వింగ్ పట్టణంలో జరిగిన స్కీ జంపింగ్ పోటీలో మిక్కెల్ విజేతగా నిలిచాడు. ఆ విధంగా మోర్గెడాల్ ఆట అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటింది. అంతకుముందే టెలిమార్క్‌లోని టిన్ ప్రాంతంలో జన్మించిన జాన్ థామ్సన్ అనే వలసదారుడు 1856 నుండి సుమారు 20 శీతాకాలాల పాటు కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా పర్వతాల మీదుగా స్కీలపై ఉత్తరాల సంచులను మోసి పేరు తెచ్చుకొన్నాడు.

మరణం

సోండ్రె నోర్హైమ్ 1897 మార్చి 9న ఉత్తర డకోటాలో మరణించాడు. డెన్బీ సమీపంలోని నార్వే లూథరన్ చర్చి శ్మశానవాటికలో ఇతనిని ఖననం చేశారు. అనేక దశాబ్దాల పాటు ఆ సమాధిపై పేరును తెలిపే గుర్తు ఏదీ లేదు. ఇతడు మరణించే నాటికి స్వదేశంలో స్కీయింగ్ జాతీయ క్రీడగా ఎదిగింది. 1888లో ఫ్రిట్యోఫ్ నాన్సెన్ నాయకత్వంలో ఆరుగురి బృందం స్కీలపై గ్రీన్‌లాండ్‌ను దాటింది. 1890లో వెలువడిన ఆ యాత్రా గ్రంథం యూరప్ అంతటా స్కీయింగ్‌పై ఆసక్తిని రేకెత్తించింది.

మోర్గెడాల్ వారసులు

నోర్హైమ్ లోయ నుండి వచ్చినవారిలో ఓలావ్ బ్యోలాండ్ ఒకడు. ఇతడు 1873లో జన్మించాడు. స్కీ విజేత, నేర్పరి అయిన వడ్రంగి కూడా. రోఆల్ అముండ్సెన్ దక్షిణధ్రువ యాత్రలో పాల్గొని, అంటార్కిటికా శిబిరంలో బృందం యొక్క స్లెడ్జి బండ్లను చిత్రికపట్టి వాటి బరువును బాగా తగ్గించాడు. 1911 డిసెంబరు 14న దక్షిణధ్రువం చేరిన ఐదుగురిలో ఇతడు ఒకడు. కర్రపని, స్కీయింగ్ ఒకే చేతిలో కలసి ఉండడం నోర్హైమ్ నాటి నుండి ఆ లోయకు వచ్చిన సంప్రదాయం.

మధ్య యూరప్‌లోని ఆల్ప్స్ పర్వతాలలో ఏటవాలులు మరింత నిటారుగా ఉంటాయి. ఆస్ట్రియాకు చెందిన మథియాస్ జ్దార్‌స్కీ నార్వే పద్ధతులను ఆ పర్వతాలకు అనుగుణంగా మార్చాడు. 1924లో ఫ్రాన్స్‌లోని షమోనీలో మొదటి శీతాకాల ఒలింపిక్ క్రీడలు జరిగినపుడు స్కీ జంపింగ్, పల్లెదారి స్కీ పరుగు వాటిలో భాగంగా ఉన్నాయి. ఆల్ప్స్ పద్ధతి వాలు పందెములు 1936లో ఒలింపిక్స్‌లో చేరాయి. మహిళల స్కీ జంపింగ్‌కు 2014లో గానీ ఒలింపిక్స్‌లో స్థానం దొరకలేదు.

ఇతని స్థానంపై చర్చ

నోర్హైమ్‌ను ఆధునిక స్కీయింగ్ పితామహునిగా పేర్కొనడం సర్వసాధారణం. అయితే మడమ కట్టును గానీ, నడుము సన్నని స్కీని గానీ ప్రపంచంలో మొట్టమొదట కనిపెట్టినవాడు ఇతడేనని నిరూపించడం కష్టం. అటువంటి ప్రయత్నాలు అంతకుముందు కూడా అక్కడక్కడ జరిగి ఉండవచ్చునని చరిత్రకారులు భావిస్తున్నారు. ఇతడు తన పద్ధతులపై ఏ హక్కులూ నమోదు చేసుకోలేదు, ఏ గ్రంథమూ వ్రాయలేదు. ఇతని గురించిన సమాచారంలో ఎక్కువభాగం ఇతని కీర్తి స్థిరపడిన తరువాత సేకరించినదే. 1905లో స్వీడన్‌తో కలయిక నుండి విడివడి నార్వే పూర్తి స్వాతంత్ర్యం పొందింది. ఆ సమయంలో స్కీయింగ్ జాతీయ చిహ్నంగా మారింది. ఒక జాతీయక్రీడకు ఒక మూలపురుషుడు కావాలనే కోరిక కూడా ఇతని కీర్తికి తోడ్పడింది.

అయినప్పటికీ రెండు విషయాలు వివాదానికి అతీతమైనవి. కట్టు, ఆకారం, మలుపు, దూకుడు అనే నాలుగింటినీ ఒకే విద్యగా కలిపి, దానిని బహిరంగ పోటీలో చూపి, ఇతరులు అనుసరించేటట్లు చేసినవారిలో ఇతడు అగ్రగణ్యుడు. అలాగే ఆ విద్యను దాచుకోకుండా లోయలోని పిల్లలందరికీ నేర్పాడు. హెమ్మెస్ట్‌వెయిత్ సోదరులు, బ్యోలాండ్ వంటివారు ఆ లోయ నుండే రావడం దీనికి నిదర్శనం. ఈ మార్పు రాజాస్థానం నుండి గానీ, సైనిక విద్యాలయం నుండి గానీ రాలేదు. సొంతభూమి లేని ఒక శ్రమజీవి తీరిక సమయంలో ఆడుకొన్న ఆట నుండి వచ్చింది.

గుర్తింపు, స్మారకాలు

1952లో ఓస్లో నగరంలో శీతాకాల ఒలింపిక్స్ జరిగినపుడు, జ్యోతిని గ్రీసులో కాక మోర్గెడాల్‌లో, నోర్హైమ్ జన్మించిన ఓవర్‌బో ఇంటి పొయ్యిలో వెలిగించారు. 94 మంది స్కీ క్రీడాకారులు దానిని వంతులవారీగా ఓస్లోకు చేర్చారు. చివరి వంతు తీసుకొన్నవాడు నాన్సెన్ మనుమడు ఏగిల్ నాన్సెన్. 1960లో అమెరికాలోని స్క్వా వ్యాలీ క్రీడలకు కూడా జ్యోతి మోర్గెడాల్ నుండే బయలుదేరింది. 1994 లిల్లెహామర్ క్రీడల సందర్భంగా కూడా అక్కడ జ్యోతి వెలిగించారు. మోర్గెడాల్‌లోను, ఉత్తర డకోటాలోని మైనాట్ నగరపు స్కాండినేవియన్ ఉద్యానవనంలోను ఇతని విగ్రహాలు ఉన్నాయి.

భారతదేశంలో స్కీయింగ్

భారతదేశంలో స్కీయింగ్ బ్రిటిషు అధికారుల ద్వారా కాశ్మీరులోని గుల్‌మార్గ్‌లో ప్రారంభమయింది. అక్కడ 1927లో స్కీ క్లబ్బు స్థాపించబడింది. ఉత్తరాఖండ్‌లోని ఔలీ మరొక ముఖ్యకేంద్రం. 1964లో ఇన్స్‌బ్రుక్ శీతాకాల ఒలింపిక్స్‌లో జెరెమీ బుజకౌస్కీ భారతదేశం తరపున వాలు స్కీయింగ్‌లో పాల్గొన్నాడు. శీతాకాల ఒలింపిక్స్‌లో పాల్గొన్న తొలి భారతీయ క్రీడాకారుడు ఇతడే. 2022 బీజింగ్ క్రీడలలో భారతదేశం నుండి పాల్గొన్న ఏకైక క్రీడాకారుడు గుల్‌మార్గ్ ప్రాంతానికి చెందిన ఆరిఫ్ ఖాన్. ఇతడు పాల్గొన్న స్లాలం పోటీ పేరు టెలిమార్క్ మాండలికం నుండి వచ్చినదే.

విశేషాలు

* స్కీ జంపింగ్ పోటీలలో నేటికీ ఒక కాలు ముందు, ఒక కాలు వెనుక ఉంచి దిగడాన్ని టెలిమార్క్ దిగుడు అంటారు. అలా దిగని వారికి న్యాయనిర్ణేతలు మార్కులు తగ్గిస్తారు.
* నోర్హైమ్ దూకిన 19.5 మీటర్లు ఆ కాలంలో అసాధారణమైన దూరం. 2025 మార్చిలో స్లొవేనియాలోని ప్లానిత్సాలో డొమెన్ ప్రెవ్చ్ 254.5 మీటర్ల దూరం ఎగిరి ప్రపంచ రికార్డు నెలకొల్పాడు. అంటే ఇది 13 రెట్లు.
* క్రిస్టియానియా నగరం పేరు 1925లో ఓస్లోగా మారింది. అయినా క్రిస్టియానియా మలుపు అనే పేరు స్కీయింగ్ పరిభాషలో అలాగే మిగిలిపోయింది.
* మడమ స్వేచ్ఛగా లేచే కట్టుతో చేసే టెలిమార్క్ పద్ధతి స్కీయింగ్ 1970లలో అమెరికాలో పునరుద్ధరించబడి, మరల ప్రపంచమంతటా ఆదరణ పొందింది.